ఖాళీ అద్దం

ఆమెకు కుళ్లు ఎక్కువ. ఇది ఎవరో ఆమె వెనక అనుకునే మాట కాదు, ఆమే చెప్పుకునేది. "నన్ను పుట్టించినవాడు నాకు రెండు చేతులు, రెండు కళ్లు, నలుగురికి సరిపడా కుళ్లు ఇచ్చి పంపాడు" అని నవ్వేది. పక్కింటావిడ ఆరేసిన దుప్పట్లు తన దుప్పట్లకంటే తెల్లగా కనిపిస్తే ఆ పూట ఆమెకు తిండి సయించేది కాదు. పోయినవాళ్ల గురించి చెప్పేటప్పుడు మంచి ముందు చెప్పాలంటారు. ఆమె ఉంటే దానికి ఒప్పుకునేది కాదు. "పవర్ ఉన్నది ఉన్నట్టు రాయాలి. తగ్గించి రాస్తే మనిషి వెళ్లి గోడకు గుద్దుకుంటాడు" అనేది.

పవర్ అంటే కళ్లద్దాల పవర్. ఆమె పని అదే. వీధి మలుపులో ఒక సన్నటి దుకాణం ఉండేది. రైలుపెట్టెలా పొడుగ్గా, ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒదగాల్సినంత ఇరుకు. లోపలి చివర నీటిబొట్లు పడుతూ తిరిగే చక్రం. దాని మీద అద్దం అంచు అరగదీసి ఫ్రేము గాడిలో బిగించడం ఆమె చేతిపని. ఇరవై ఏళ్లు ఆ పని చేసి ఆమె వేళ్ల కొసలు నునుపెక్కిపోయాయి. దుకాణం యజమాని పెద్దాయనకు చేతులు వణకడం మొదలయ్యాక చూపు పరీక్ష కూడా ఆమే చేసేది.

దుకాణం ఇరుకు కాబట్టి తిరగేసి రాసిన అక్షరాల పలక కుర్చీకి ఎదురుగా కాక వెనకగోడకు ఉండేది. కుర్చీకి ఎదురుగా నిలువుటద్దం. కూర్చున్నవాళ్లు అందులో చూసి అక్షరాలు చదవాలి. చిక్కేమిటంటే అక్షరాలతోపాటు వెనక నిలబడ్డ ఆమె మొహం కూడా అందులో కనిపించేది. పెద్దాయన మొదటిరోజే చెప్పాడు.

"అమ్మాయ్, 'ఇది బాగుందా, అది బాగుందా' అని అడిగేటప్పుడు జవాబు నీ మొహంలో ఉండకూడదు. సగంమంది తమ కళ్లతో చూడరు, నీ మొహం చూసి చెప్తారు."

"మరి అలాంటివాళ్లని పట్టుకునేదెలాగండీ?"

"ఖాళీ అద్దం వెయ్యి." ఆయన పెట్టెలోంచి పవర్ లేని ఉత్త గాజు బిళ్ల తీశాడు. "ఇది వేసి, ఇప్పుడెలా ఉందని అడుగు. 'అబ్బో, ఇంకా బాగుంది' అన్నాడంటే అప్పటిదాకా చెప్పిందంతా నీ కోసం చెప్పాడన్నమాట. మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టు."

వేలమందికి ఆ ఖాళీ అద్దం వేసింది ఆమె. ఒక్కరికి మాత్రం వెయ్యలేదు.

ఆమె కూతుర్ని అందరూ పిచ్చుక అనేవారు. పొద్దున లేచింది మొదలు కిచకిచ. బస్సు నడిపే నాన్న ఏ మలుపులో ఎవరిని తిట్టాడో కూడా అభినయించి చూపించేది. అంత పిల్లా పుస్తకం ముందు పెడితే రెక్కలు తడిసిన పిట్టలా ముడుచుకుపోయేది. మూడో తరగతికొచ్చినా రెండు ముక్కలు కలిపి చదవలేదు. "అక్షరాలు కదుల్తున్నాయమ్మా" అంది ఒకరోజు.

కదుల్తున్నాయంటే చూపే కదా! కమ్మరికి అన్నీ మేకుల్లా కనిపించినట్టు, ఆమెకు లోకంలో ప్రతి కష్టమూ పవర్ లోపంలాగే కనిపించేది. ఆ సాయంత్రమే పిల్లని కుర్చీలో కూర్చోబెట్టి, అన్నిటికంటే చిన్న పవర్ వేసి, "ఇప్పుడు కదలట్లేదు కదూ?" అంది. పిచ్చుక నిలువుటద్దంలో వాళ్లమ్మని చూసి, "కదలట్లేదమ్మా. బాగుంది" అంది. ఆమె తన చేత్తో, ఎర్రరంగు ఫ్రేములో, ఆ అద్దాలు బిగించి ఇచ్చింది. ఏడాదిపాటు ఆ పిల్ల వాటిని ముక్కు మీద మోసింది. ఏడాది తర్వాత ఆసుపత్రిలో డాక్టరమ్మ వాటిని తీసి బల్ల మీద పెట్టి, "మీ పాప కళ్లు బంగారంలా ఉన్నాయి. దీన్ని డిస్లెక్సియా అంటారు. దీనికి తెలివితోనూ చూపుతోనూ సంబంధం లేదు. నేర్పే పద్ధతి వేరుగా ఉండాలి, అంతే" అంది.

దారులు రెండున్నాయట. ఇలాంటి పిల్లల కోసమే నడిపే స్పెషల్ స్కూలు ఊరి చివర ఉంది, అక్కడ చేర్చడం. లేదా ఉన్న బడిలోనే ఉంచి, ఈ పద్ధతి తెలిసిన టీచర్‌ని ఇంటికి పిలిపించి చెప్పించడం. "రెండూ మంచివే. పిల్లని బట్టి మీరే తేల్చుకోవాలి" అంది డాక్టరమ్మ. స్కూల్లో ఆ ఏడు ఖాళీ లేదు. పేరు రాయించుకుని, ఖాళీ వస్తే ఉత్తరం రాస్తామన్నారు. అందుకని టీచరమ్మ వచ్చింది.

వారానికి మూడు సాయంత్రాలు. యాభై దాటిన మనిషి, నెరిసిన జుట్టు, సీసా అడుగంత మందాన కళ్లద్దాలు. సంచిలో ఒక పళ్లెం, ఇసుక, గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాలు. పుస్తకం తియ్యకుండానే నెల గడిపింది. ఇసుకలో వేలితో రాయించేది, కళ్లు మూసుకోమని వీపు మీద రాసి అదేమిటో చెప్పమనేది. వంటింట్లోంచి వింటుంటే ఇద్దరూ పకపకలాడుతుండేవారు.

ఆ నవ్వులే ఆమె కడుపులో కుంపటి పెట్టాయి.

మొదట ఆమెకే అర్థం కాలేదు. పిల్లకి చదువు వస్తోంది, సంతోషించాలి. కానీ పిచ్చుక నోట ఇప్పుడు ఒకటే కూత. టీచర్ ఇలా అన్నారు, టీచర్‌కి పిల్లులంటే భయంట. జడ వేస్తుంటే "టీచర్ అయితే మెల్లిగా చిక్కు తీస్తారు" అంది. అంటే ఆవిడ జడ కూడా వేసిందన్నమాట!

"మొన్న బళ్లో ఏదో అయిందట, టీచరమ్మకి చెప్పింది, నాకు చెప్పలేదు" అంది మొగుడితో.

"ఏమైందట?"

"అదే, నాకు చెప్పలేదంటుంటే!"

డ్రైవరు చొక్కా విప్పుతూ నవ్వాడు. "నా బస్సెక్కినవాళ్లు కూడా వాళ్ల గోడంతా నాకే చెప్తారు. ఇంటికెళ్లి పెళ్లాలకి చెప్పరు. అంతమాత్రాన పెళ్లాలొచ్చి నన్ను కొడతారా?"

"నీకు వేళాకోళంగా ఉంది."

"నీకు కుళ్లుగా ఉంది" అన్నాడు. ఆ మాట అనగలిగిన మనిషి ఇంట్లో అతనొక్కడే.

అలా నాలుగు నెలలు గడిచాక ఒక సోమవారం టీచరమ్మ కళ్లద్దాలు తీసి మొహం తుడుచుకుంటుంటే చేయి జారి కిందపడ్డాయి. పిచ్చుక కంగారుగా కుర్చీ జరిపింది. కుర్చీ కాలు సరిగ్గా వాటి మీదే దిగింది. పిల్ల బావురుమంటే ఆవిడ తడుముకుంటూ దగ్గరికి తీసుకుని, "ఏడుస్తావేమే! కళ్లద్దాలు చేసే ఇంట్లోనే విరిగాయి, ఎంత అదృష్టం!" అని, ముక్కలు ఏరి తల్లి చేతిలో పెట్టింది. "పాతజత కూడా లేదమ్మా, ఎవరికో ఇచ్చేశాను. మీ చేతిలో పెట్టాక నాకు దిగుల్లేదు. అద్దాలు రాగానే చెప్పండి, అప్పటిదాకా రాలేను."

ఆవిడది పెద్ద పవర్. అద్దాలు బయటినుంచి తెప్పించాలి. బుధవారం మధ్యాహ్నానికి వచ్చేశాయి. అరగదీసి బిగించడం గంట పని. ఆమె పొట్లాం అందుకుని, అలవాటు ప్రకారం దాని మీద "టీచర్ గారివి. బుధవారం వచ్చాయి" అని రాసింది. రాసి, చక్రం కింది సొరుగు తెరిచి, లోపల పెట్టి మూసేసింది.

ఒక్కరోజు, అనుకుంది. ఒక్కరోజు పిల్ల నాది.

గురువారం పుస్తకం పట్టుకుని తనే కూర్చుంది. ఇసుక పళ్లెం కూడా తీసింది. పిచ్చుక మొదటి మాట చదివింది, రెండో మాట దగ్గర ఆగింది, తల్లి మొహం చూసింది, ఏదో ఊహించి చెప్పేసింది. "అది కాదు, చూసి చదువు" అంది తల్లి. మళ్లీ మొహం చూసింది, ఇంకోటి చెప్పింది. "పుస్తకంలో ఉందా నా మొహాన ఉందా?" అని తల్లి గొంతు లేచింది. శుక్రవారం ఇంకా ఘోరం. పిల్ల ఇసుకలో వేలు పెట్టి కదపకుండా కూర్చుంది. ఒక కన్నీటిబొట్టు పళ్లెంలో పడి ఇసుక ముద్దయింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా?

"టీచర్ కళ్లద్దాలు వచ్చాయా అమ్మా?" అని ఆ పిల్ల రోజూ అడిగేది.

"రాలేదు. పెద్ద పవర్ కదా, ఆలస్యమవుతుంది."

అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, టీచరమ్మ మీది కుళ్లంతా సొరుగులోని రెండు గాజుబిళ్లల మీద చూపిస్తోందని ఆమెకు తెలుసు. తెలిసీ సొరుగు తియ్యలేదు.

మరుసటి సోమవారం తలుపు చప్పుడైంది. చూస్తే టీచరమ్మ! గోడ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. "ఉండబట్టలేకపోయానమ్మా. ఆటో అతను గుమ్మందాకా దించాడు" అని గదిలోకి వెళ్లి, పిచ్చుక భుజం తడుముకుని కూర్చుంది. "చూడు, ఇవాళ నాకు నీ జుట్టూ నీ మొహమూ కలిసిపోయి కనిపిస్తున్నాయి. పుస్తకమైతే తెల్లగోడే. కథలో ఏముందో నాకు తెలియాలంటే నువ్వే చెప్పాలి."

"నేను తప్పు చదివితే?"

"తప్పు కథ వింటాను. ఏం పోయింది?"

ఆమె వంటింటి కర్టెన్ వెనక గరిటె పట్టుకుని నిలబడిపోయింది. పిచ్చుక మొదలుపెట్టింది. నత్తనడక. ఒక్కో మాటా రాయిని దొర్లించినట్టు. ఆగింది, వెనక్కి వెళ్లింది, తప్పు తనే దిద్దుకుంది. నక్క బావిలో పడేదాకా చదివింది. పేజీ మొత్తం! పుట్టాక మొదటిసారి.

"తర్వాత?" అంది టీచరమ్మ ఆత్రంగా. నిజంగానే ఆవిడకు తెలియనట్టుంది.

చూపు లాగేసుకుంటే పాఠం ఆగుతుందనుకుంది తల్లి. తన చేత్తో తనే ఆ పిల్లని ఆవిడకు కళ్లుగా చేసింది. పొయ్యి మీద కూర మాడింది. ఆమెకు ఆ వాసన రాలేదు.

మంగళవారం స్పెషల్ స్కూలు నుంచి ఉత్తరం వచ్చింది. ఒక పిల్లాడు ఊరు మారి వెళ్లాడు, ఒక చోటు ఖాళీ అయింది, శుక్రవారంలోగా జవాబివ్వాలి, లేకపోతే జాబితాలో తర్వాతివాళ్లకి ఇచ్చేస్తారు. సాయంత్రం ఆరింటిదాకా బడి, బస్సు వాళ్లదే. అంటే టీచరమ్మ రావాల్సిన పనిలేదు.

"చేర్పిద్దాం" అంది చదవడం పూర్తికాకముందే.

"ఇప్పుడిప్పుడే పిల్ల గాడిన పడుతోంది కదే" అన్నాడు డ్రైవరు.

"అక్కడ అందరూ ఇలాంటి పిల్లలే. ఎవరూ వెక్కిరించరు. డాక్టరమ్మే చెప్పింది."

"అదీ నిజమే. ఒక్కటి చెప్పు. చేర్పించేది దాని కోసమా, నీ కోసమా?"

"ఏం మాటలవి? కన్నతల్లిని!"

"నేను అడిగింది అది కాదు" అని అతను బూట్లు వేసుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు.

టీచరమ్మకి ఫోన్ చేసి చెప్పింది. ఆవిడ బాధపడుతుందని, ఆ బాధ వినాలని ఎదురుచూసింది. "మంచి స్కూలమ్మా. నేను ఒక్కదాన్ని ఇవ్వలేనివి అక్కడ చాలా ఉన్నాయి. తోటిపిల్లలు ఉంటారు. ఆలోచించండి" అంది ఆవిడ. మంచితనంలో కూడా ఆవిడదే పైచేయి! ఒళ్లు ఇంకా మండింది.

బుధవారం పిల్లని తీసుకుని స్కూలు చూడ్డానికి వెళ్లింది. నిజంగానే బాగుంది. గదికి ఎనిమిదిమంది పిల్లలు, కింద చాపలు, గోడనిండా వాళ్లు మట్టితో చేసిన అక్షరాలు. ఒక పిల్ల పిచ్చుకని "నీకు కూడా అక్షరాలు గెంతుతాయా?" అని అడిగితే పిచ్చుక నవ్వింది. తిరిగి వచ్చేటప్పుడు తల్లి అడిగింది.

"నచ్చిందా?"

"నచ్చింది."

"ఇంట్లో టీచర్ దగ్గర చదవడం కంటే ఇదే నయం కదూ?"

పిచ్చుక తలెత్తి తల్లి మొహం చూసింది. "ఊఁ. ఇదే నయమమ్మా."

ఆమెకు పది ఏనుగుల బలమొచ్చింది. ఇంటికి వెళ్లగానే స్కూలువాళ్లిచ్చిన కాగితం మీద సంతకం పెట్టి చేతిసంచిలో పెట్టుకుంది.

గురువారం మధ్యాహ్నం దుకాణానికి ఒక ముసలాయన వచ్చాడు. మహా మర్యాదస్థుడు. ఏ అద్దం వేసినా "బాగుందమ్మా" అన్నాడు. పవర్ పెంచితే బాగుంది, తగ్గిస్తే బాగుంది. ఆమెకు అనుమానమొచ్చి ఖాళీ అద్దం తీసి వేసింది. "ఇప్పుడండీ?"

ఆయన నిలువుటద్దంలో ఆమెకేసి చూసి మొహమంతా నవ్వు చేసుకున్నాడు. "ఓహ్, దివ్యంగా ఉంది తల్లీ!"

ఆమె చేయి అక్కడే ఆగిపోయింది. నిలువుటద్దంలో ముసలాయన మొహం కాదు కనిపించింది, ఎర్రఫ్రేము పెట్టుకున్న మొహం కనిపించింది. 'కదలట్లేదమ్మా. బాగుంది.' ఏడాదిపాటు అబద్ధపు అద్దాలు మోసిన పిల్ల. నిన్న దారిలో తలెత్తి చూసిన చూపు కూడా అదే.

బడి వదిలే వేళకి వెళ్లి పిచ్చుకని దుకాణానికి తీసుకొచ్చింది. పెద్దాయన ఇంటికి వెళ్లాడు. పిల్లని కుర్చీలో కూర్చోబెట్టి తను వెనక నిలబడింది. నిలువుటద్దంలో ఇద్దరూ కనిపిస్తున్నారు.

"ఒకటి అడుగుతాను. స్కూలూ వద్దు, టీచరూ వద్దు. నేనే నీకు రోజూ చదువు చెప్తాననుకో. ఎలా ఉంటుంది?" కావాలనే నవ్వుమొహం పెట్టి అడిగింది.

ఇసుకలో కన్నీరు కార్చిన పిల్ల, అద్దంలో తల్లి మొహాన్ని వెతికి, "బాగుంటుందమ్మా. చాలా బాగుంటుంది" అంది.

గాజులు తుడిచే గుడ్డ పెద్దది ఒకటుంటే తీసి నిలువుటద్దం మీద కప్పేసింది. ఇప్పుడు పిల్లకి ఎదురుగా తెల్లటి గుడ్డ తప్ప ఏమీ లేదు.

"మళ్లీ మొదట్నుంచి. వెనక్కి తిరక్కూడదు. స్కూలా, టీచరా?"

పిచ్చుక కుర్చీ చెయ్యి మీద వేలితో గీతలు గీసింది.

"టీచర్" అంది పిచ్చుక, గొంతు వినీ వినిపించకుండా.

"ఎందుకు?"

"స్కూలు కూడా బాగుంది. ఆ అమ్మాయి మంచిది. కానీ..." పిల్ల కాళ్లు ఊపింది. "తప్పు చదివితే టీచర్ మొహం మారదమ్మా."

వెనక నిలబడ్డ ఆమె మొహం ఏమయిందో చూసినవాళ్లు ఎవరూ లేరు. అద్దం మీద గుడ్డ కప్పడం ఎంత మంచిదైందో! కొంగుతో కళ్లు ఒత్తుకుని, "సరే. కాస్త ఆగు, పని ఉంది" అని చక్రం దగ్గర కూర్చుంది. సొరుగు తీసింది. పొట్లాం విప్పి గాజుబిళ్ల తీసి చక్రానికి ఆనించింది. సన్నగా కీచుమని మోగుతూ అంచు అరిగింది, తెల్లటి నీళ్లు వేళ్లమీదుగా కారాయి. ఇరవై ఏళ్లలో ఏ అద్దాన్నీ అంత జాగ్రత్తగా అరగదీయలేదు.

పిచ్చుక కుర్చీ దిగి వచ్చి పక్కన నిలబడింది. బల్ల మీది ఖాళీ పొట్లాం తీసుకుంది. కర్టెన్ వెనక విన్న నత్తనడకే, ఇప్పుడు ఆమె చెవి పక్కన మొదలైంది.

"టీ...చర్... గారి...వి. బు...ధ... బుధవారం... వచ్చాయి." తలెత్తింది. "నేను చదివాను!"

"చదివావు."

"బుధవారం అంటే నిన్న వచ్చాయా అమ్మా?"

ఊఁ అంటే అయిపోయేది. ఒక్క ఊఁ. చక్రం ఆపింది ఆమె.

"కాదు. పోయిన బుధవారం."

పిచ్చుక పొట్లాం వంక చూసింది, తల్లి వంక చూసింది. వేళ్లమీద రోజులు లెక్కపెట్టుకుంది. టీచరమ్మ గోడ పట్టుకుని మెట్లెక్కిన సోమవారం దగ్గర వేలు ఒక్క క్షణం ఆగింది. పొట్లాన్ని నాలుగు మడతలు పెట్టి తన గౌను జేబులో వేసుకుంది.

శుక్రవారం పొద్దున స్కూలుకి ఫోన్ చేసి, చోటు తర్వాతివాళ్లకి ఇచ్చెయ్యమని చెప్పింది. అద్దాలు సిద్ధమని కబురు చేస్తే సాయంత్రం టీచరమ్మ వచ్చింది. ఆమె తన చేత్తోనే ఆవిడకు కళ్లద్దాలు పెట్టి, చెవుల వెనక ఒంపు సరిచేసింది. ఆవిడ కళ్లు చిట్లించి, విప్పార్చి, గదంతా చూసింది.

"ఎంత స్పష్టంగా ఉందమ్మా! మంచిపని ఆలస్యమైతేనేం. పాపం, ఎన్నిసార్లు తిరిగారో వీటి కోసం!"

దొంగకు తేలు కుట్టినట్టయింది ఆమెకు. ఓరగా కూతురివైపు చూసింది.

పిచ్చుక పుస్తకం తెరిచి కూర్చునుంది. జేబులోంచి పొట్లాం కొస బయటికి కనిపిస్తోంది. ఆ పిల్ల తల్లిని చూసింది, టీచర్‌ని చూసింది. మొహంలో ఏమీ లేదు. తప్పు తెలిసిన మొహం ఆవగింజంత కూడా మారలేదు.

ఇదెక్కడ నేర్చిందో ఆమెకు వెంటనే తెలిసింది. వంటింట్లోకి వెళ్లి గరిటె అందుకుంటూ, అది కూడా ఆవిడ దగ్గరే నేర్చుకుంది కదా అని మళ్లీ కుళ్లుకుంది.